అమ్మ మీద పుస్తకం రాసేటప్పుడు విశేషణాలకు ముందు ఆవిడ చేతిపని చూడండి

మీరు అడిగినదాన్ని ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. మొన్న కార్తికంలో మీ అమ్మగారు వెస్ట్ మాంబళంలోని ఇంట్లో కాలం చేశారు. ఆవిడ మంగళహారతులు కట్టేవారు, బట్టల మీద కుట్లు కుట్టేవారు, పండగ బొమ్మల కొలువుకు కాగితపు గుజ్జుతో బొమ్మలు చేసేవారు, ప్లాస్టిక్ వైరుతో బుట్టలు అల్లేవారు. మీరూ మీ చెల్లెలూ ఉద్యోగాలకు వెళ్తుంటే మనవలనూ మనవరాళ్ళనూ పెంచింది ఆవిడే. సంవత్సరీకం నాటికి ఆవిడ మీద ఒక చిన్న పుస్తకం వేయాలని కూర్చుంటే నాలుగు పేజీలు వచ్చాయనీ, వాటిలో 'ప్రేమమూర్తి', 'అన్నపూర్ణ', 'ఓర్పుకు మారుపేరు' తప్ప మరేమీ లేదనీ మీరే రాశారు. పిల్లలకు తెలుగు చదవడం రాదు. ఆవిడ రేడియోలో పాడే అవకాశం పోగొట్టుకున్నారా లేదా అన్న విషయంలో మీ మేనమామగారికీ బాబాయిగారికీ మాట కలవడం లేదు. సగంలో ఆగిపోయిన ఒక హారతిని మీ చెల్లెలు పూర్తి చేస్తానంటున్నారు. చెన్నైలోని తెలుగు కుటుంబాల స్మృతి సంచికలను సరిదిద్దే పని చాలా ఏళ్ళుగా చేస్తున్నాను కాబట్టి, నాకు తెలిసినంతవరకు వివరంగా చెబుతాను.

పుస్తకం సంగతికి ముందు ఈ వారంలోనే చేయవలసిన పనులు రెండున్నాయి. మొదటిది ఆవిడ ఫోను. వాట్సాప్ ఖాతా 120 రోజులపాటు వాడకుండా ఉంటే సాధారణంగా తొలగిపోతుంది. సిమ్ రీచార్జి చేయకుండా వదిలేస్తే కొన్నాళ్ళకు ఆ నంబరు వేరొకరి చేతికి వెళ్తుంది. ఆవిడ మనవలకు పంపిన వాయిస్ మెసేజులు ఆవిడ ఫోనులోనూ, అందుకున్న వాళ్ళ ఫోన్లలోనూ ఉంటాయి. ప్రతివాళ్ళ దగ్గరా చాట్‌ను మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేయించి ఒకచోట చేర్చండి. రెండోది పాత కాసెట్లు. కాసెట్టు పై అంచున రెండు మూలలా ఉండే చిన్న ప్లాస్టిక్ నాలుకలను విరిచేస్తే దాని మీద పొరపాటున మరో రికార్డింగు పడదు. టేపు మీద తెల్లని బూజు కనిపిస్తే దాన్ని ఏ ప్లేయరులోనూ పెట్టకుండా, ఆ పని తెలిసినవాళ్ళకే ఇవ్వండి. డిజిటల్‌గా మార్పించేటప్పుడు 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా అడగండి. ఎంపీ3 అనేది బంధువులకు పంపుకోవడానికే తప్ప దాచుకోవడానికి పనికిరాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ నాలుగు పేజీలూ చదివినవాళ్ళకు అవి ఎవరి అమ్మగారి గురించో తెలియకపోవడానికి కారణం మీ ప్రేమ తక్కువ కావడం కాదు. ఓర్పు, ప్రేమ, త్యాగం అనేవి మనం చూసి చేరుకున్న అభిప్రాయాలు. మనం చూసినది మాత్రం ఆవిడ చేసిన పని. చూసినదాన్ని వదిలేసి అభిప్రాయాన్ని రాస్తే చదివేవాడి చేతిలో ఏమీ మిగలదు. అందుచేత మీ పుస్తకానికి నేను పెట్టే షరతు ఒక్కటే. ఆవిడ ఎలాంటివారో చెప్పే ప్రతి వాక్యాన్ని పక్కన పెట్టి, ఆవిడ ఏ వస్తువును ఎలా చేశారో, దేనితో చేశారో, ఎప్పుడు చేశారో, ఎవరికి ఇచ్చారో ముందు రాయండి. గుణగణాలు వాటంతట అవే బయటపడతాయి. పడని చోట అవి మీరు అనుకున్నంతగా లేవేమో అని కూడా ఆలోచించుకోవచ్చు.

మీరు ఫొటో పెట్టిన నెమలి బల్లగుడ్డతోనే మొదలుపెట్టండి. దాన్ని తిరగేసి వెలుతురులో పెట్టి చూడండి. ముందువైపు అందరూ చూసేదే. కుట్టినవాళ్ళ అలవాట్లు వెనకవైపే తెలుస్తాయి. మీ ఫొటోలో నెమలి మెడ గొలుసు కుట్టుతోనూ, కాడలు కాడకుట్టుతోనూ, కళ్ళు ముడికుట్టుతోనూ కనిపిస్తున్నాయి. వెనక్కి తిప్పితే దారం మొదలుపెట్టిన చోట ముడి ఉందా, లేక కొసను కుట్ల కిందుగా దూర్చి దాచారా అన్నది తెలుస్తుంది. యాంకర్ అనే కుట్టుపని దారం ఆరు పోగులుగా వస్తుంది. అందులో రెండు పోగులు విడదీసి కుట్టారో, మూడు పోగులతో కుట్టారో లెక్కపెట్టవచ్చు. తోక కింది భాగంలో ఆకుపచ్చ రంగు హఠాత్తుగా లేతబడింది. దారం అయిపోయి మరో నంబరు దొరికినది కొన్నారా, మధ్యలో చాలా ఏళ్ళు ఆపి మళ్ళీ చేపట్టారా, లేక అక్కడ అలా ఉండాలనే ఎంచుకున్నారా అన్నది మీ పిన్నిగారిని అడగవలసిన ప్రశ్న. నమూనాను కార్బను కాగితంతో దించుకున్నారా, చేత్తో గీసుకున్నారా అన్నది కుట్ల సందుల్లో మిగిలిన నీలిగీత చెబుతుంది. ఒక్క బల్లగుడ్డ మీద ఇంత రాయవచ్చు, ఇందులో ఒక్క విశేషణం కూడా అక్కర్లేదు.

హారతుల పుస్తకాలకు వచ్చేసరికి కాలనిర్ణయం కీలకం అవుతుంది. మన ఆడవాళ్ళు పాట కింద తేదీ వేయడం అరుదు. కాని పాట పైన 'ఫలానా పాట వరస' అని రాసుకోవడం చాలామందికి అలవాటు. ఆ ఫలానా పాట సినిమా పాట అయితే, ఆ చిత్రం విడుదలైన ఏడాదికి ముందు ఆ హారతి పుట్టి ఉండే అవకాశం లేదు. ఆవిడ కట్టిన హారతులన్నిటినీ వరసల ప్రకారం ఇలా పేర్చుకుంటే, ఏ కాలంలో ఎక్కువగా రాశారో, ఏ కాలంలో కలం ఆగిపోయిందో ఒక క్రమం కనబడుతుంది. ఆగిపోయిన కాలం దగ్గర ఇంట్లో ఏం జరుగుతోందో చూడండి. అది పురుడో, జబ్బో, ఇల్లు మారడమో అయి ఉంటుంది.

మీరు చెప్పినట్లు హారతులు పద్దుల పుస్తకాల వెనక పేజీల్లో ఉంటే మీ పని మరింత సులువు. ముందు పేజీల్లోని పద్దులే సాక్ష్యం చెబుతాయి. అణాలు, పైసలు కలగలిసి 'న.పై.' (నయా పైసలు) అని కనిపిస్తే ఆ పద్దు 1957 ఏప్రిల్ 1 తర్వాతిది; 'నయా' అన్న మాటను ప్రభుత్వం 1964 జూన్‌లో తీసేసింది కాబట్టి, ఆ తర్వాత కొద్దికాలానికే అది పద్దుల్లోంచీ జారిపోతుంది. వీశెలు, సోలలు కనబడినంత మాత్రాన ఆ పేజీ పాతదని తీర్మానించకండి, ఎందుకంటే కిలోలు వచ్చిన చాలా ఏళ్ళకు కూడా ఆవకాయ లెక్కలు పాత కొలతల్లోనే నడిచాయి. ఉత్తరాల మీద చిరునామా ఇంకా గట్టి ఆధారం. 'మద్రాసు-17' అని ఉంటే త్యాగరాయనగర్‌లో ఉన్న రోజులవి. 'మద్రాసు-33' అని ఉంటే వెస్ట్ మాంబళానికి వచ్చేశారు. 600033 అని ఆరంకెల పిన్ కోడు ఉంటే ఆ ఉత్తరం 1972 ఆగస్టు 15 తర్వాతిది. 'చెన్నై' అని ఉంటే 1996లో పేరు మారిన తర్వాతిది అయివుండటానికే అవకాశం ఎక్కువ. తమిళం రాసేవాళ్ళు మాత్రం అంతకు ముందునుంచే చెన్నై అని రాసేవారు. ఆ ఒక్క జాగ్రత్త పాటించండి.

పుట్టిన తేదీ విషయంలో మీరు రెండు ఆధారాలు ఇచ్చారు. బడి రికార్డు 1-7-1941 అంటోంది. జాతకం కాగితం చిత్రభాను సంవత్సరం మాఘ శుద్ధ సప్తమి అంటోంది. ఈ రెండింటిలో నేను జాతకాన్నే నమ్ముతాను. బళ్ళో వేసేటప్పుడు అయ్యవారు వయసు సరిపెట్టి జులై ఒకటి అని రాసుకోవడం ఆ రోజుల్లో మామూలే. చిత్రభాను ఉగాది 1942లో వచ్చింది కాబట్టి చాలామంది తొందరపడి 1942 అని వేసేస్తారు. కాని మాఘం ఆ తెలుగు ఏడాది చివర్లో వస్తుంది కనుక ఆ తిథి 1943 ఫిబ్రవరిలో పడుతుంది. దీన్ని బలపరిచే మరో సంగతి మీ ఉత్తరంలోనే ఉంది. మీ తాతగారు జార్జిటౌనులో గుమాస్తాగా ఉంటూ కూడా పురుటికి భార్యను నెల్లూరు దగ్గరి పల్లెకు పంపారనీ, చాలాకాలం తిరిగి తీసుకురాలేదనీ రాశారు. 1942 ఏప్రిల్‌లో జపాను దాడి భయంతో మద్రాసు నగరం చాలావరకు ఖాళీ అయింది. రైళ్ళు దొరికినవాళ్ళు రైళ్ళలో, దొరకనివాళ్ళు బండ్లలో ఊళ్ళకు తరలిపోయారు. 1941లోనే పుట్టి ఉంటే ఆ ప్రయాణంలో ఆవిడ చంకబిడ్డగా ఉండాలి. అలాంటి మాట మీ ఇంట్లో ఎవరూ అన్నట్లు లేదు. ఆవిడ ఆ పల్లెలో ఎందుకు పుట్టారన్నదానికి 'పుట్టింటి ఆచారం' అని కాకుండా ఈ నేపథ్యాన్ని నాలుగు వాక్యాల్లో చెబితే, మనవలకు అమ్మమ్మ పుట్టుక చరిత్రలో ఎక్కడ నిలుస్తుందో తెలుస్తుంది.

బొమ్మల కొలువు గురించి మీరు ఒకే వాక్యం రాసి వదిలేశారు. నా దృష్టిలో పుస్తకంలో ఒక అధ్యాయానికి సరిపడే సరుకు అక్కడే ఉంది. ఆవిడ పుట్టింట్లో కొలువు సంక్రాంతికి పెట్టేవారనీ, మద్రాసులో దసరాకు పెట్టడం మొదలుపెట్టారనీ అన్నారు. తెలుగునాట చాలా ఇళ్ళలో కొలువు సంక్రాంతికే. తమిళనాట అది నవరాత్రుల పండగ. ఆ మార్పు ఏ ఏడాది జరిగింది? ఎదురింటి మామి పేరంటానికి పిలిచినందుకు బదులుగా పిలవాలనా? ఒకవేళ కొన్నేళ్ళు రెండు పండగలకూ పెట్టారా? కొండపల్లి బొమ్మలు పుట్టింటి నుంచి వచ్చాయా, మైలాపూరు ఉత్తర మాడ వీధిలో కొన్న మట్టిబొమ్మల పక్కన వాటిని ఏ మెట్టు మీద పెట్టేవారు? పాత పేపర్లను ఎన్నాళ్ళు నానబెట్టేవారు, రుబ్బురోట్లో రుబ్బేవారా, గుజ్జులో మెంతిపిండి కలిపేవారా, జిగురు ఏమిటి, రంగు పోస్టరు కలరా, ఎనామెల్ పెయింటా? మద్రాసులో స్థిరపడిన ఒక తెలుగు ఇల్లాలు తన ఊరి ఆచారాన్ని ఎంతవరకు నిలుపుకొంది, ఎక్కడ ఈ ఊరితో కలిసిపోయింది అన్నదాన్ని ఆ మెట్లు చూపించినంత బాగా మరేదీ చూపించదు. వైరు బుట్టలదీ అదే దారి. 'శివన్ కన్', 'నెల్లిక్కాయ్' అని తమిళులు పిలిచే ఆ అల్లికలు ఆవిడ నెల్లూరు నుంచి తెచ్చుకున్నవి కావు. ఎవరో ఒక ఇరుగమ్మ దగ్గర కూర్చుని నేర్చుకున్నవి. ఆ ఇరుగమ్మ ఇంకా ఉంటే ఆవిడను కలవండి. అమ్మగారు వచ్చీరాని తమిళంలో ఏం మాట్లాడేవారో ఆవిడకే తెలుస్తుంది.

ఇప్పుడు మీరు విడదీసి రాద్దామనుకుంటున్న రెండు భాగాల గురించి చెప్పాలి. 'కళాకారిణిగా అమ్మ', 'తల్లిగా, అమ్మమ్మగా అమ్మ' అని రెండు అధ్యాయాలు వేద్దామన్నారు. అలా వద్దు. ఆవిడకు కళకు వేరే గది, వేరే వేళ ఉన్నట్లు అది అబద్ధపు చిత్రాన్ని ఇస్తుంది. పిల్లల పెంపకం ఆవిడకు ఎంత సమయం తీసుకునేదో రాస్తేనే, మిగిలిన సమయంలో ఆ నెమలి ఎలా పూర్తయిందన్నది అర్థమవుతుంది. అందుకని ఆవిడ మామూలు రోజు ఒకదాన్ని తీసుకుని తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా గంటల ప్రకారం రాయండి. చెన్నైలో ఆ రోజు నీళ్ళతో మొదలవుతుంది. 2003, 2004 నాటి కరువులో మెట్రోవాటరు లారీ ఎన్ని గంటలకు వచ్చేది, వరసలో బిందెలు ముందురోజు రాత్రే పెట్టేవారా, పై అంతస్తుకు బిందె ఎవరు మోసేవారు, ఆ నీళ్ళలో పిల్లల స్నానానికి ఎంత, వంటకు ఎంత అని ఆవిడ ఎలా పంచేవారు అన్నది మీకు గుర్తుండే ఉంటుంది. మీ పెద్దబ్బాయి ఆవిడ ఒడిలో పెరిగిన కాలం అదే కదా. లారీ కోసం మెట్ల మీద కూర్చున్న గంటలోనే బుట్ట అల్లేవారని మీరు ఎక్కడో మధ్యలో అన్నారు. ఆ ఒక్క మాటలో ఆవిడ పెంపకమూ ఉంది, పనితనమూ ఉంది. దాన్ని రెండు అధ్యాయాలుగా ఎలా కోస్తారు?

బంధువులను అడిగే పద్ధతి గురించి కొంచెం చెబుతాను. 'అమ్మ ఎలాంటి మనిషి?' అని అడిగితే ప్రతివాళ్ళూ 'దేవతమ్మా' అంటారు, అక్కడితో సంభాషణ ముగుస్తుంది. వస్తువును వాళ్ళ చేతిలో పెట్టి అడగండి. బుట్ట ఇచ్చి 'దీని పిడి ఎలా మొదలుపెడతారు పిన్నీ?' అంటే ఆవిడ చేతులే సమాధానం చెప్పడం మొదలుపెడతాయి, ఆ వెనకే మాటలు వస్తాయి. ఇద్దరు అక్కచెల్లెళ్ళను కలిపి కూర్చోబెట్టడం మంచిది. ఒకరి జ్ఞాపకాన్ని మరొకరు సరిదిద్దుతారు, పోట్లాడుకుంటారు, ఆ పోట్లాటలో తారీకులు తేలతాయి. ఫోనులో రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపి, ఫోనును బల్ల మీద మెత్తటి గుడ్డ వేసి పెట్టండి. వాళ్ళు చెప్పినదాన్ని రాసేటప్పుడు నెల్లూరు యాసను, మధ్యలో దొర్లే తమిళం మాటలను దిద్దకండి. మీ అమ్మగారు 'సరిలే, పోనియ్' అనేవారని మీరే రాశారు. దాన్ని 'సరే, పోనివ్వండి' అని మార్చిన మరుక్షణం ఆ వాక్యంలో ఆవిడ ఉండరు.

రేడియో వివాదం సున్నితమైనది కనుక నిదానంగా చెబుతాను. పెళ్ళయిన కొత్తలో ఆకాశవాణిలో పాడటానికి అక్క ఎంపికైందనీ, అత్తవారింట్లో ఒప్పుకోలేదనీ మీ మేనమామగారు అంటారు. అసలు అలాంటిదేమీ జరగలేదని మీ బాబాయిగారు అంటారు. ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమైంది. రాష్ట్రాలు విడిపోయాక కూడా అక్కడి నుంచి తెలుగు కార్యక్రమాలు వచ్చేవి కాబట్టి, 1960ల తొలి ఏళ్ళలో అటువంటి అవకాశం రావడం అసంభవం కాదు. స్వరపరీక్షలో నెగ్గి కార్యక్రమం ఖాయమైతే తేదీ, వేళ, పారితోషికం రాసిన ఒప్పంద పత్రం ఇంటికి వచ్చేది. ఆవిడ ట్రంకుపెట్టెలో పట్టుచీరల మడతల్లోనూ, పెళ్ళి ఫొటో వెనక అట్టలోనూ, పూజగదిలోని పుస్తకాల మధ్యలోనూ వెతకండి. విలువైన కాగితాలను మన ఆడవాళ్ళు ఫైళ్ళలో పెట్టరు. కాగితం దొరికితే బొమ్మ తీసి అచ్చువేయండి, వ్యాఖ్య అవసరం లేదు. దొరకకపోతే మేనమామగారు ఇలా చెప్పారు, బాబాయిగారు ఇలా అన్నారు, అమ్మ తన నోటితో ఎప్పుడు ఏమన్నది అని మూడింటినీ ఎవరు చెప్పారో స్పష్టంగా రాసి ఊరుకోండి. మీ నాన్నగారిని దోషిగా నిలబెట్టకండి. ఆయన చెప్పుకోవడానికి ఇప్పుడు లేరు, పైగా ఉమ్మడి కుటుంబంలో 'ఇంట్లో ఒప్పుకోలేదు' అన్నప్పుడు ఒప్పుకోనిది ఎవరో బయటివాళ్ళకు తెలియదు. అదే సమయంలో, పెద్దవాళ్ళు నొచ్చుకుంటారని ఆ ప్రస్తావనే తీసేయడం కూడా సరికాదని నా అభిప్రాయం. ఆవిడ లోలోపల ఎంత కుమిలిపోయారో అని మాత్రం రాయకండి. ఆవిడ చెప్పి ఉంటే తప్ప అది మీకు తెలియదు. ఆ తర్వాత పేరంటాలలో ఎవరెవరి ఇళ్ళలో పాడారో, ఆ వీధిలో ఎంతమంది పెళ్ళికూతుళ్ళకు ఆవిడ హారతి పాట దక్కిందో రాయండి. అది సాక్షులున్న విషయం.

ఆంధ్ర మహిళా సభలో ఆవిడ కుట్టు నేర్చుకున్నారని రాశారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1937లో స్థాపించిన ఆ సంస్థ మద్రాసులోని తెలుగు ఆడపిల్లలకు చదువు, పని నేర్పిన చోటు కాబట్టి, ఆవిడ ఏ ఏడాది చేరారో తెలిపే సర్టిఫికెట్టు ఉంటే దాన్ని తప్పక చేర్చండి. కుట్టుమిషను సింగర్ అయితే బల్లకు బిగించిన ఇనప భాగం మీద కుడివైపు ఒక నంబరు ఉంటుంది. అక్షరాలతో మొదలయ్యే ఆ నంబరును బట్టి మిషను ఏ ఏడాది, ఏ కర్మాగారంలో తయారైందో తెలుసుకోవచ్చు. అది పెళ్ళికి పెట్టిన సారెలో వచ్చిందన్న మాట నిజమో, ఎవరి దగ్గరో పాతది కొన్నారో దానితో తేలవచ్చు.

పిల్లల సంగతి. 2006లో వచ్చిన చట్టం ప్రకారం తమిళనాడు బళ్ళలో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏడాదికొక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. ఆ తర్వాత బళ్ళో చేరిన తెలుగు పిల్లలు చాలామందికి తెలుగు మాట్లాడటం తప్ప చదవడం రాలేదు. మీ ఇల్లు అందుకు మినహాయింపు కాదు. కొందరు హారతులను తమిళ లిపిలో అచ్చు వేయిస్తున్నారు. క, గ, ఘ అన్నిటికీ ఒకే అక్షరం ఉన్న లిపిలో ఆవిడ ప్రాసలు చెడిపోతాయి కనుక నేను దాన్ని సిఫార్సు చేయను. హారతులు, ఆవిడ ఉత్తరాలు తెలుగు లిపిలోనే ఉండనివ్వండి. ఎదురుపేజీలో పిల్లలు చదవగల భాషలో భావం ఇవ్వండి. ప్రతి పాట పక్కనా క్యూఆర్ కోడు వేసి, కాసెట్టు నుంచి తీసిన ఆవిడ గొంతును గాని, మీ పిన్నిగారి గొంతును గాని వినిపించండి. ఒక్క హెచ్చరిక ఏమిటంటే, మాటలు ఆవిడవే అయినా సినిమా వరస ఆవిడది కాదు. పుస్తకంలో మాటలు అచ్చువేయడానికి ఇబ్బంది లేదు. ఆ వరసలో పాడినదాన్ని బహిరంగంగా యూట్యూబులో పెడితే హక్కుల అభ్యంతరం రావచ్చు, అందుచేత ఆ లింకులను కుటుంబానికే పరిమితం చేయండి. పిల్లల చేత కూడా తలో పేజీ రాయించండి, ఏ భాషలోనైనా సరే. పెద్దవాళ్ళు చూడనివి వాళ్ళు చూసి ఉంటారు. అమ్మమ్మ సూదిలో దారం ఎక్కించమని ఎప్పటి నుంచి అడగడం మొదలుపెట్టిందో మీ చిన్నమ్మాయికి గుర్తుందని మీరే అన్నారు; ఆవిడ చూపు తగ్గిన కాలానికి మీ దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే.

వస్తువుల భద్రత గురించి క్లుప్తంగా చెబుతాను. కుట్టుపని ఉన్న బట్టలను గంజి లేకుండా ఉతికిన తెల్లటి నూలుగుడ్డలో చుట్టండి, వీలైతే మడవకుండా గొట్టానికి చుట్టిపెట్టండి, కలరా ఉండలు బట్టకు తగలనివ్వకండి. జిగురు అట్టల ఆల్బముల్లోని ఫొటోలను పీకకుండా, ఉన్నచోటే స్కాన్ చేయండి. మాంబళంలో నేల మీద ట్రంకుపెట్టె పెట్టకండి. 2015 డిసెంబరు వరద మీరూ చూసినదే. వస్తువులను పంచుకునే ముందు ప్రతిదానికీ కొలబద్ద పక్కన పెట్టి ఫొటో తీసి, ఏది ఎవరింటికి వెళ్ళిందో ఒక జాబితా రాసుకోండి. పంచుకోవడం తప్పు కాదు; ఒకచోట పెట్టి తాళం వేయడం కంటే అదే మేలు.

అచ్చుకు వెళ్ళేటప్పుడు డీటీపీ చేసేవారిని యూనికోడ్‌లోనే కంపోజ్ చేయమని గట్టిగా చెప్పండి. 'అను' అనే పాత రకం ఫాంట్లలో చేస్తే ఆ ఫైలులో రేపు మీ మనవలు ఒక్క మాట కూడా వెతకలేరు. జిగురు బైండింగు కాకుండా దారంతో కుట్టిన బైండింగు అడగండి, యాభై కాపీలకు ఖర్చు కొంత పెరిగినా ఫరవాలేదు. ఒక కాపీ ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయానికి పంపండి. 1954 నాటి పుస్తకాల చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన పుస్తకాలు చేరవలసిన నాలుగు గ్రంథాలయాల్లో అది ఒకటి. కుటుంబ సంచికలను ఎవరూ అక్కడికి పంపరు, అందువల్లనే మద్రాసు తెలుగు ఇళ్ళలో ఆడవాళ్ళు ఏం పాడారో, ఏం కుట్టారో వెతకబోయినవాళ్ళకు ఏమీ దొరకదు.

చివరగా ఆ సగంలో ఆగిన హారతి. పల్లవి, ఒక చరణం, రెండో చరణంలో రెండు పాదాలు ఉన్నాయి. మూడో పాదంలో ఒక మాట రాసి కొట్టేశారు. దాన్ని ఉన్నది ఉన్నట్లుగా, కొట్టివేతతో సహా చేతిరాత బొమ్మగా వేయండి. మీ చెల్లెలికి పూర్తి చేయాలన్న కోరిక ఉంటే మిగిలిన పాదాలను వేరే పేజీలో, తన పేరుతో, తాను రాసిన ఏడాదితో వేసుకోమనండి. అమ్మగారి హారతుల మీద హక్కు చట్టప్రకారం వారసులందరిదీ కనుక, మీ తమ్ముడి దగ్గర కూడా ఒక మాట అనుమతి తీసుకోండి. అన్నిటికంటే ముందు ఆ కొట్టేసిన మాటను భూతద్దంతో చదవడానికి ప్రయత్నించండి; ఫొటోలో నాకు అది 'వెంగమాంబ' లాగా కనిపించింది. అది నిజమైతే ఆ పాట మీరు అనుకుంటున్నట్లు లక్ష్మీదేవి మీద కాకుండా భక్త కవయిత్రి తరిగొండ వెంగమాంబ మీద కట్టబోయినది కావచ్చు, అప్పుడు మీ చెల్లెలు రాయవలసిన చరణం కూడా మారిపోతుంది.